బ్యాక్ బాబాయి గొంతు

కాగితం గోదాములో ఉద్యోగమంటే ఏదో రాసే పని అనుకుంటారు వినేవాళ్ళు. బ్యాక్ బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ పనిచేసి రాసింది హాజరు పుస్తకంలో సంతకం ఒక్కటే. ఆయన పని మాట్లాడటం. అదీ ఒక్క మాట. అదీ ఇంగ్లీషు మాట.

"బ్యాక్."

తల్లిదండ్రులు పెట్టిన పేరు కూడా ఒకటి ఉంది. అది హాజరు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం మూసేస్తే పేరు కూడా అందులోనే పడుకుంటుంది. గోదాములో హమాలీల దగ్గర్నుంచి రోడ్డు మీద టీ కొట్టువాడి దాకా అందరికీ ఆయన బ్యాక్ బాబాయే.

గోదాము రోడ్డు మీద లేదు. రోడ్డు నుంచి ఒక సందు, సందు చివర ఖాళీ జాగా, ఆ జాగాకు ఎడమ పక్క సరుకు దించే అరుగు. లోపల లారీ తిరగడానికి చోటు లేదు కాబట్టి ప్రతి లారీ రోడ్డు మీదే తిరిగి, వీపు ముందుపెట్టుకుని సందులోకి రావాలి. సందు ఎంత ఇరుకంటే, లారీకి రెండు పక్కలా ఉండే అద్దాలు మడిస్తే తప్ప గోడల మధ్య పట్టదు. అద్దాలు మడిస్తే డ్రైవరుకు వెనక ఏముందో కనిపించదు. సందు కట్టినవాళ్ళూ, గోదాము కట్టినవాళ్ళూ జన్మలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. వెనక కెమెరాలున్న కొత్త బండ్లు కూడా రాకపోలేదు. కానీ కాగితపు చుట్టలు బయటికి పొడుచుకు వచ్చేలా కట్టి పైన టార్పాలిన్ కప్పాక, ఆ కెమెరాకు కనిపించేది టార్పాలిన్ ఒక్కటే.

అందుకని ఈ సందులో డ్రైవర్లు బండిని చెవులతో నడుపుతారు.

బాబాయి అరుగు పక్కన చెక్కపీట వేసుకుని, ఎండైనా వానైనా నెత్తిన నల్ల గొడుగు పెట్టుకుని కూర్చుంటాడు. రోడ్డు మీద హారన్ వినపడగానే లేచి నిలబడతాడు. బండి సందు మొదట్లో ఉండగా "బ్యా" అని మొదలుపెట్టి, ఆ దీర్ఘాన్ని సందు పొడుగునా సాగదీసి, ఎక్కడో ఆఖర్న "క్" అంటాడు. అంత దీర్ఘముంటే అంత చోటు ఉన్నట్టు. బండి సందు మధ్యలోని నీళ్ళ గొట్టం మలుపు దాటాక దీర్ఘం సగమవుతుంది. జాగాలోకి వచ్చాక "బ్యాక్, బ్యాక్, బ్యాక్" అని గింజలు ఏరినట్టు పొట్టిగా పడతాయి మాటలు. అరుగు పక్కకు చేరేసరికి "బ్యా" మాత్రమే మిగులుతుంది. ఆ తర్వాత నోరు మూసేస్తాడు.

నోరు మూస్తే బండి ఆగాలి. అంతే. "ఆగు" అనే మాట ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

ఇది ఆయన సొంత తెలివి కాదు. ఆయనకు పని నేర్పిన ముసలి మేస్త్రి చెప్పిన పద్ధతి. "ఆగమని అరుస్తావనుకో, ఇంజను మోతలో వాడికి వినపడకపోతే ఏం చేస్తావురా? వస్తూనే ఉంటాడు. అదే నీ గొంతు వినపడినంతసేపే రమ్మన్నావనుకో, నీకు దగ్గొచ్చినా, కళ్ళు తిరిగి పడ్డా, చచ్చినా బండి ఆగిపోతుంది. నువ్వు చచ్చినా ఇంకోడు చావకూడదు, అదీ పని" అన్నాడు మేస్త్రి. ఆ మాట బాబాయి చెవిలో అలాగే ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో గోడకు గీత పడలేదు, మనిషికి గోరు ఊడలేదు. అందుకే ఆయన పని ఎవరి కంటికీ ఆనలేదు. ఏదైనా జరిగితే కదా, జరగకుండా చూసేవాడు ఒకడున్నాడని తెలిసేది!

ఇల్లు సందుకు రెండు వీధుల అవతల. పిన్నికి, అంటే ఆయన భార్యకు, వంటింటి కిటికీలోంచి ఆ గొంతు వినపడుతూనే ఉంటుంది. దీర్ఘం పొడుగును బట్టి బండి ఎక్కడుందో, ఇంకెంతసేపట్లో భోజనానికి వస్తాడో గిన్నెలు తోముకుంటూనే చెప్పేస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం ఆ గొంతు వినే భాగ్యం ఆవిడకు లేదు. రోజంతా వాడిన గొంతుకు సాయంత్రం సెలవు. కూర ఎలా ఉందంటే తలాడిస్తాడు. పక్కింటావిడ గొడవ చెబితే తలాడిస్తాడు. "లారీలకున్న అదృష్టం నాకు లేదు. నాలుగు చక్రాలుంటే నాతోనూ మాట్లాడేవారేమో" అంటుంది పిన్ని. దానికీ తలాడిస్తాడు.

ఇలా సాగుతుండగా గోదాముకు కొత్త మేనేజరు వచ్చాడు. నలభై లోపే వయసు. మెడకు టై కడతాడు. కాగితపు ధూళిలో టై ఎందుకని ఎవరూ అడగలేదు. టై మేనేజరు అని పేరు పెట్టి ఊరుకున్నారు.

టై మేనేజరు వచ్చిన మొదటి వారంలోనే ఖాళీ జాగా వెనక గోడ దగ్గర పది అడుగులు ఊరికే పడి ఉండటం కనిపెట్టాడు. లారీ కొంచెం ఎక్కువ వచ్చినా నష్టం లేకుండా పాతవాళ్ళు వదిలిన చోటు అది. "ముప్పై ఏళ్ళుగా ఈ చోటు వాడుకోవాలని ఒక్కరికీ తోచలేదా?" అని ఆశ్చర్యపోయి, అక్కడ తనకు అద్దాల గది కట్టించుకున్నాడు. లారీలు వచ్చే దారికి సరిగ్గా ఎదురుగా. అక్కడి నుంచి అన్నీ కనిపిస్తాయట. లోపల గుండ్రంగా తిరిగే కుర్చీ, దాని వెనక మెత్తటి దిండు, బల్ల మీద తన ఫోటోయే ఒకటి.

రెండో వారంలో ఆయన కళ్ళు బాబాయి మీద పడ్డాయి.

"మీ పనేంటి బాబాయిగారూ?"

"లారీలు లోపలికి తేవడం సార్."

"మీరు నడుపుతారా?"

"లేదు సార్. చెబుతాను."

"ఏం చెబుతారు?"

"బ్యాక్ అని."

"ఇంకా?"

బాబాయి కాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఇంకేం లేదు సార్."

మేనేజరు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. రాసుకునే మేనేజర్లతోనే ప్రమాదం. ఒక్క మాటకు ఒక మనిషి, ఒక పీట, ఒక గొడుగు! అయినా ఉత్తపుణ్యానికి తీసేస్తే బాగుండదు కదా, పద్ధతి ఉండాలి. మూడో వారంలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ప్రతి ఉద్యోగీ తన పనికి సంబంధించిన రాత పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాళ్ళు అట్టపెట్టెలకు గమ్ము టేపు అంటించే గదికి మారాలి. బాబాయి రాయవలసిన ప్రశ్న కిందే ఉంది: "'బ్యాక్' అను పదమునకు గల వివిధ అర్థములను, ప్రయోగములను తెలుపుచూ పది వాక్యములు రాయుము."

ఆ గమ్ము గదికి కిటికీ లేదు. అక్కడ మాట్లాడే పని అసలే లేదు. బాబాయికి ఆ రోజు అన్నం సహించలేదు. పీట పోతుందని కాదు. తను అక్కడ లేకపోతే ఆ సందులోకి బండి ఎలా వస్తుందన్నది ఆయనకు ఎంత ఆలోచించినా ఊహకందలేదు.

కోడలు బడిలో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మ. విషయం తెలిసి లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చుంది.

"భయపడకండి మావయ్యగారూ. రోజూ వాడే మాటేగా. మొదటి అర్థం, వెనక్కి, వెనక దిశగా."

"ఇది నాదే" అన్నాడు బాబాయి, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు.

"రెండోది, తిరిగి ఉన్నచోటికి. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి తిరిగొస్తాం కదా, దానికీ ఇదే మాట."

"ఇంటికి ముందుకే నడిచొస్తాం కదమ్మా?"

"ముందుకే నడుస్తాం. మాట మాత్రం ఇదే. మూడోది, బదులుగా. ఎవరైనా ఉత్తరం రాస్తే మనం తిరిగి రాయడం, ఎవరైనా కొడితే మనం తిరిగి కొట్టడం."

చేట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిన్ని అందుకుంది. "ఎవరైనా మాట్లాడిస్తే తిరిగి మాట్లాడటం కూడా అందులో వస్తుందా?"

"వస్తుందత్తయ్యా."

"మీ మావయ్యకు ఆ అర్థం బొత్తిగా రాదు. అది నాలుగుసార్లు చదివించు."

బాబాయి తలాడించాడు.

"నాలుగోది కాలానికి. రెండేళ్ళ కిందట అనడానికి కూడా వాడతారు."

"కాలాన్ని కూడా బ్యాక్ తెస్తారా?" బాబాయి ముక్కు మీద వేలేసుకున్నాడు. "మరి దానికి వెనకాల ఎవరు నిలబడతారు?"

కోడలికి నవ్వొచ్చింది. పెద్దాయన నిజంగానే అడుగుతున్నాడని గ్రహించి ఆపుకుంది. "అయిదోది, ఇలా ఆపుకోవడం. నవ్వు, ఏడుపు లోపలే పట్టి ఉంచడం. ఆరోది, దూరంగా ఉండమనడం. జనాన్ని వెనక్కి జరగమంటాం చూడండి."

"ఉండమ్మా" అన్నాడు బాబాయి. "ఒకే మాటకు రమ్మనడమూ, పొమ్మనడమూ, ఆపుకోవడమూనా? ఇన్ని అర్థాలు తెలిసినవాడు బండి తెస్తే ఆ డ్రైవరు గతేం కాను?"

"అర్థాలన్నీ పక్కన ఉండే మాటలను బట్టి తెలుస్తాయి మావయ్యగారూ."

"నా పక్కన మాటలుండవుగా. గోడలుంటాయి."

అయినా వదల్లేదు కోడలు. నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి పది వాక్యాలు బట్టీ పట్టించింది. పిన్ని వంటింట్లోంచి అప్పజెప్పించుకునేది. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో బాబాయి గొంతు వినపడింది. ఇంకో నాలుగు పరీక్షలు పెడితే బాగుండునని పిన్నికి లోలోపల అనిపించింది కూడా.

పరీక్ష అద్దాల గదిలోనే. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కాగితం ముందు పెట్టారు. కలం తెరిచి మొదటి వాక్యం గుర్తు చేసుకుంటున్నాడో లేదో, రోడ్డు మీద హారన్ మోగింది.

మేనేజరు ఆయన వంక చూశాడు. బాబాయి మేనేజరు వంక చూశాడు. బండి తేవడానికి ఇంకో మనిషి లేడు మరి.

"వెళ్ళి తెచ్చి రండి. టైము మాత్రం ఆపను" అన్నాడు మేనేజరు ధర్మంగా.

బాబాయి వెళ్ళి, లారీని లోపలికి తెచ్చి, అరుగు పక్కన ఆపి, మళ్ళీ వచ్చి కూర్చునేసరికి కోడలు నేర్పిన పది వాక్యాల్లో ఒక్కటీ బుర్రలో లేదు. ఉత్తరాలూ లేవు, కాలమూ లేదు. ఇప్పుడే చేసి వచ్చిన పని మాత్రం ఉంది. సరే, ప్రయోగాలేగా అడిగారు అనుకుని, చేసినది చేసినట్టు రాశాడు. మొదటి లైనులో "బ్యా" రాసి, కాగితం అంచు దాకా అడ్డగీత లాగి "క్" పెట్టాడు. రెండో లైనులో గీత కొంచెం తగ్గింది. అయిదో లైనుకు సగమైంది. ఎనిమిదికి గీతే లేదు, "బ్యాక్" మాత్రమే. తొమ్మిదో లైనులో "బ్యా". పదో లైను అంకె వేసి, ఏమీ రాయకుండా వదిలి, కింద సంతకం పెట్టాడు.

మేనేజరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"తొమ్మిదింట్లో ఒకటే మాట రాశారు. పదోది ఖాళీగా వదిలేశారు."

"ఖాళీ కాదు సార్. అదే ఆఖరిది."

"అక్కడ ఏం లేదు కదా?"

"అవును సార్. ఏం లేకపోవడమే."

మేనేజరు ఎర్ర సిరాతో ఆ పదో అంకె చుట్టూ సున్నా చుట్టాడు. ఎంతో గుండ్రంగా వచ్చింది. ఆయన కుర్చీలాగే.

ఫలితం మర్నాడు వచ్చింది. వారం రోజులు ఇంటి దగ్గర ఉండి, వచ్చే వారం నుంచి గమ్ము గదికి రావాలి. అయితే మేనేజరు కర్కోటకుడేం కాదు. "మీ సేవలకు గుర్తుగా మీ గొంతు రికార్డు చేయించి దాచుకుంటాం" అన్నాడు. దానికి మాత్రం బాబాయి పొంగిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళకు ఒకడు తన గొంతును మెచ్చుకున్నాడు! ఉప్పునీళ్ళు పుక్కిలించి వెళ్ళి, ఒక లారీని మొదట్నుంచి ఆఖరుదాకా తెస్తున్నట్టే పలికి, ఆఖర్న నోరు మూసి నిలబడ్డాడు.

"అయిపోయిందా?" అన్నాడు కంప్యూటరు ముందున్న గుమాస్తా.

"ఇంకా అవలేదు. ఈ మౌనం కూడా రావాలి."

"వస్తుందిలే" అని గుమాస్తా మీట నొక్కేశాడు.

తర్వాత మేనేజరు ఆ రికార్డింగు విని, మధ్య మధ్య ఖాళీలు ఎందుకు, పనివేళలు వృథా అని, నిశ్శబ్దాలన్నీ కోయించేశాడు. పొట్టిగా పలికిన ముక్కలు బాగా చురుగ్గా ఉన్నాయని వాటినే ఒకదాని వెంట ఒకటి అతికించి, ఎంతసేపైనా మోగేలా చేయించి, పెద్ద స్పీకరులో పెట్టి, బాబాయి పీట ఉండే చోట స్తంభానికి బిగించాడు. దాచుకోవడమంటే అదీ. బాబాయి ఆ సంగతి తెలియక గొడుగు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, వాకిట్లో మేకుకు తగిలించాడు. అది చూసి పిన్ని ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

సోమవారం పొద్దున, బాబాయి వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. పిన్ని వంటింట్లో ఉంది. ఉన్నట్టుండి రెండు వీధుల అవతల నుంచి బాబాయి గొంతు వినపడింది.

"బ్యాక్, బ్యాక్, బ్యాక్."

పిన్ని గరిటె పట్టుకునే వసారాలోకి వచ్చింది. మొగుడు ఎదురుగానే ఉన్నాడు. నోట్లో టీ ఉంది. గొంతు మాత్రం అక్కడుంది.

"ఏమండీ, మీరిక్కడుంటే అక్కడ అరుస్తున్నదెవరు?"

బాబాయి గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తన గొంతు తనకే బయటి నుంచి వినపడితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. పిన్ని మాత్రం చెవి రిక్కించి ఇంకో సంగతి పట్టేసింది.

"దీర్ఘం లేదేంటి? మొదట్నుంచీ పొట్టిగానే వస్తున్నాయి... ఏమండీ, ఎక్కడా ఆగట్లేదండీ!"

బాబాయి గ్లాసు కింద పడేసి, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు.

సందు మొదట్లోకి వచ్చేసరికి మీసాల డ్రైవరు లారీ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. పది రోజులు బయట తిరిగి నేరుగా ఇటే వచ్చిన మనిషి. పరీక్షలూ స్పీకర్లూ అతనికి తెలియవు. అద్దాలు మడిచాడు, అటు నుంచి బాబాయి రమ్మంటున్నాడు, వస్తున్నాడు. ఇవాళ బాబాయి హుషారుగా ఉన్నాడే అనుకున్నాడట. మేనేజరు సందు మొదట్లో నిలబడి, మనిషి లేకుండా బండి లోపలికి వెళ్ళే అద్భుతాన్ని ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"ఆపండి సార్ దాన్ని!" అన్నాడు బాబాయి ఆయాసంతో.

"దేన్ని? లారీనా, స్పీకర్‌నా?" అన్నాడు మేనేజరు. మంచి ప్రశ్నే. ఆయనకు ఆ తేడా తెలిసేలోపు లోపల అద్దాలు భళ్ళున పగిలాయి. స్పీకరు చలించలేదు. "బ్యాక్, బ్యాక్" అంటూనే ఉంది. లారీ కూడా విధేయంగా ఇంకో రెండడుగులు వెళ్ళింది.

ఎవరికీ ఏం కాలేదు. ఉండవలసిన ఒక్క మనిషీ వీడియో తీస్తున్నాడు. గుండ్రటి కుర్చీ మాత్రం పలకలా అయింది. దిండు కిటికీలోంచి బయటపడింది. ఫోటోకు గీత పడింది.

తప్పు ఎవరిదన్నది సాయంత్రానికల్లా తేలిపోయింది. బాబాయి ఇంటికి తాఖీదు వచ్చింది. "సోమవారం ఉదయం మీ గొంతు ఇచ్చిన సూచన మేరకే లారీ ఆఫీసు గదిలోకి ప్రవేశించినట్లు సాక్షులు చెప్పారు. ఆ సమయంలో మీరు సంఘటనా స్థలంలో కాళ్ళకు చెప్పులు లేకుండా కనిపించారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వనిచో ఉద్యోగం నుండి తొలగించబడుదురు."

కోడలు రెండుసార్లు చదివింది. "మీరు ఇంట్లో టీ తాగుతూ అక్కడ గది కూల్చారట మావయ్యగారూ."

"గొంతు నాదే కదమ్మా" అన్నాడు బాబాయి నీరసంగా. గమ్ము గది కూడా లేదిప్పుడు. అంతకన్నా ఆయనను కోసేసింది ఇంకోటి. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ గొంతు విని వచ్చిన బండి గదిని గుద్దింది.

పిన్ని ఊరుకోలేదు. ఆవిడ ఊరుకునే రకమైతే రెండు వీధుల అవతలి లారీలు లెక్కపెట్టదు. గోదాము యజమానురాలి ఇల్లు కనుక్కుని, ఆ గొడుగే వేసుకుని వెళ్ళి, గేటు దగ్గర రెండు గంటలు నిలబడి ఆ ముసలావిడను పట్టుకుంది. "మా ఆయన ఇంట్లో ఉన్న మాటకు నేను సాక్షినమ్మా. ఆయన ఇంట్లో ఉంటే గొంతు వినపడదు, అది ఇంకా పెద్ద సాక్ష్యం" అంది. ఏడాదికోసారి వచ్చే ముసలావిడ గురువారం చేతికర్ర టకటకలాడిస్తూ గోదాముకు వచ్చింది.

బాబాయి పాత పీట తెప్పించుకుని జాగాలో కూర్చుంది. ముందు మీసాల డ్రైవరును పిలిచింది.

"గదిలోకి ఎందుకు తోలావు?"

"బాబాయి బ్యాక్ అంటున్నాడమ్మగారూ. అన్నంతసేపు వచ్చాను. పద్నాలుగేళ్ళ నుంచీ అంతే. నోరు మూస్తే ఆగుతాం. మూయలేదు, ఆగలేదు."

"ఆగమని ఎవరూ అనలేదా?"

"ఈ సందులో ఆ మాట వాడరమ్మగారూ."

ముసలావిడ మేనేజరు వైపు తిరిగింది. "నీ కుర్చీ ఎక్కడుండేది?"

"ఇదిగో, ఇక్కడ మేడమ్."

"అక్కడే నిలబడు నాయనా. ఏవయ్యా మీసాలూ, బండి బయట పెట్టి మళ్ళీ రా. ముందు ఆ స్పీకర్ పెట్టండి."

మేనేజరు విరిగిన అద్దాల మధ్య నిలబడి టై సర్దుకున్నాడు. స్పీకరు వైపు చూశాడు. సందు వైపు చూశాడు.

"మేడమ్... ముందు బాబాయిగారితోనే చూద్దామా?"

హమాలీల్లో ఎవరికో దగ్గొచ్చింది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంది.

"ఎందుకు? నీ స్పీకర్ మీద నీకు నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది మేడమ్. అంటే... ఇంకా కొన్ని మార్పులు చెయ్యాలి."

"సరే. ఏవయ్యా బాబాయ్, నువ్వు తే."

నాలుగు రోజులుగా తన గొంతు మీద బాబాయికే నమ్మకం పోయింది. స్తంభం మీద స్పీకరు, దాని కింద తను, ఇద్దరిదీ ఒకటే గొంతు. ఇప్పుడు డ్రైవరు ఏది వింటాడు? ఆగవలసిన చోట ఆగుతాడా? సోమవారం తర్వాత అతనికి మాత్రం తన మీద నమ్మకముంటుందా? బాబాయి లుంగీ బిగించుకుని అరుగు పక్కన నిలబడ్డాడు. రోడ్డు మీద హారన్ మోగింది.

"బ్యా..."

దీర్ఘం సందు పొడుగునా సాగింది. లారీ వీపు సందులో కనపడింది. అద్దాలు మడిచి ఉన్నాయి. నీళ్ళ గొట్టం దగ్గర దీర్ఘం సగమైంది, బండి మెల్లగా వంగి దాటింది. జాగాలోకి వచ్చింది. "బ్యాక్, బ్యాక్." మేనేజరు గోడకు అంటుకుపోయాడు. "బ్యాక్." టార్పాలిన్ అంచు మేనేజరు మొహం మీద నీడ వేసింది. "బ్యా."

బాబాయి నోరు మూశాడు.

లారీ ఆగింది. బండి వెనక చెక్కకూ మేనేజరు టైకీ మధ్య జానెడు దూరముంది. రోజూ అరుగు చివరే ఆపే మనిషి ఆ రోజు అంత లోపలికి ఎందుకు తెచ్చాడని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ముసలావిడ చెయ్యి చాపితే గుమాస్తా పరీక్ష కాగితం అందించాడు. ఆవిడ లైన్లు ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చింది. పొడుగు గీత, పొట్టి గీత, గీత లేని మాట, సగం మాట. పదో లైను దగ్గర వేలు ఆగింది.

"దీనికి సున్నా వేసిందెవరు?"

లారీ వెనక నుంచి సన్నగా జవాబొచ్చింది. "నేనే మేడమ్."

"ఇప్పుడు నిన్ను బతికించింది అదే నాయనా. మాటలైతే నీ స్పీకర్ కూడా చెప్పింది."

ఆవిడ గుమాస్తా దగ్గర కలం తీసుకుని ఆ సున్నాకు ముందు ఒకటి పెట్టింది. పదోదానికే పది. తాఖీదును నాలుగు మడతలు పెట్టి బాబాయి చేతికిచ్చి, ఊగే పీట కాలి కింద పెట్టుకోమంది. ఆ పది అడుగుల చోటు మళ్ళీ ఖాళీగానే ఉంచమంది. మేనేజరు గది అప్పటి నుంచి మేడ మీద, గమ్ము గది పక్కన. అక్కడి నుంచి ఏమీ కనిపించదు. పని మునుపటికన్నా బాగానే సాగుతోందంటారు.

పిన్ని ఆ గురువారం వంటింటి కిటికీ దగ్గరే నిలబడి ఉంది. పొడుగు దీర్ఘం విన్నది. సగం దీర్ఘం విన్నది. పొట్టి మాటలు విన్నది. తర్వాత ఏమీ వినపడలేదు. ఊపిరి బిగబట్టి ఇంకాస్త ఆగింది. అద్దాల చప్పుడు లేదు, అరుపులు లేవు, ఏమీ లేదు. అప్పుడు స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది.

సాయంత్రం బాబాయి ఇంటికొచ్చాడు. పొద్దున వెళ్ళేటప్పుడు పిన్ని బలవంతాన చేతిలో పెట్టిన గొడుగు చంకలో లేదు. వాకిట్లో మేకు ఖాళీగా ఉంది. పిన్ని ఆ మేకు వంక చూసింది, ఆయన వంక చూసింది. అంతా తెలిసిపోయింది. అయినా ఆయన నోటితో వినాలని ఆశ.

"ఏమన్నారు అక్కడ?"

బాబాయి తలాడించాడు.

"ఆ స్పీకరు ఇక వాళ్ళకెందుకులెండి. ఇంటికి తెచ్చి పడేయండి" అంది పిన్ని, గ్లాసు ఆయన ముందు ఠక్కున పెడుతూ. "అది కనీసం ఆగకుండా మాట్లాడుతుంది."